ఇంజన్ లైటు ఆర్పి పంపితే రిపేరు అయినట్టా?

తెలుగు రాష్ట్రాల్లోని కార్ల సర్వీసు కేంద్రాల యాజమాన్యాలకు, వర్క్‌షాప్ మేనేజర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా,



మీలో ఒకరి రిసెప్షన్ బల్ల మీద, అద్దం కింద పెట్టిన కాగితం ఒకటి ఈమధ్య చదివాను. ‘స్కానింగ్ వివరాలు కస్టమర్లకు ఇవ్వబడవు’ అని టైపు కొట్టి, కింద మేనేజరు స్టాంపు వేసి ఉంది. ఆ సంస్థ పేరు రాయడం లేదు. కాగితం పెట్టింది ఒక్కరే కావచ్చు, పద్ధతి మాత్రం మీలో చాలామందిది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మీటర్ల మధ్య పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగిందని యజమాని బండి తెచ్చి మీకు అప్పగిస్తాడు. మీ కుర్రాడు స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు స్కానర్ తగిలిస్తాడు. కోడ్ చూస్తాడు. చెరిపేస్తాడు. జాబ్ కార్డు మీద ‘ఇంజన్ లైటు చెక్ చేశాం, ఓకే’ అని రాస్తారు. లేదంటే ఏదో ఒక సెన్సార్ పేరు, దాని ధర, లేబర్ చార్జీ. ఏ కోడ్ వచ్చింది? అది వచ్చిన క్షణంలో ఇంజన్ ఏ స్థితిలో ఉంది? ఏ పరీక్ష చేస్తే ఆ సెన్సార్ పోయిందని తేలింది? డబ్బు కట్టినవాడికి వీటిలో ఒక్కదానికీ జవాబు దొరకదు. గట్టిగా అడిగితే ‘అది టెక్నికల్ సార్, మీకు అర్థం కాదు’ అంటారు. అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

నేను ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ఫ్లోర్ల మీద పనిచేస్తున్నవాళ్లలో నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. వాళ్లకు పని రాదంటే నేను ఒప్పుకోను. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువై రిచ్ అయిందని కోడ్ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ముందు ఏది చూడాలో, ఆఖరున ఏది విప్పాలో వాళ్లకు నేర్పే పంపాం. నేర్చుకున్న పనిని వాళ్లచేత చేయించనిది మీరు. అందుకే ఈ ఉత్తరం మీకు.

ఒక బండి సంగతి చెబుతాను. మా వీధిలో ఒకాయన పెట్రోలు వ్యాను నడుపుతాడు. పొద్దున్నే బడిపిల్లలు, మిగతా వేళల్లో పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ కిరాయి. ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఇంజన్ లైటు వెలిగింది. మైలేజీ పడిపోయింది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే ఇంజన్ వణుకుతుంది, లోపలంతా పెట్రోలు వాసన. బంకులో ట్యాంకు నింపించి తాళం తిప్పితే ఒక పట్టాన స్టార్ట్ కాదు, యాక్సిలరేటర్ తొక్కిపట్టి తిప్పాలి. మీలో ఒకరి దగ్గరకు తీసుకెళ్తే స్కానర్ పెట్టి పి0172 వచ్చిందన్నారు, ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు. సెన్సార్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, కోడ్ చెరిపి పంపారు. కొన్నాళ్లకే లైటు మళ్లీ వెలిగింది. ఈసారి క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలని ఎస్టిమేట్ రాశారు. పాత సెన్సార్ ఇవ్వమని అడిగితే స్క్రాప్‌లో పడేశామన్నారు. ఆ ఎస్టిమేట్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. “మాస్టారూ, ఇంత పెట్టి దీన్ని బాగుచేయించమంటారా, అమ్మేసి ఇంకో పని చూసుకోమంటారా?” అని అడిగాడు.

ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకుంటున్న నా పాత విద్యార్థి దగ్గరకు బండి పంపి, నేనూ వెళ్లాను. కోడ్ చెరపకుండా ముందు దాని వెనకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాడు. కోడ్ నమోదైన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, రాసిపెట్టుకునే చిట్టా అది. బండి వేగం సున్నా. ఇంజన్ ఐడిల్లో ఉంది. కూలెంట్ 90 డిగ్రీలు దాటింది, అంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కే ఉంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 20 శాతం దాటింది. ఈసీఎం తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోల్లో అయిదో వంతు కోసేసినా ఇంకా ఎక్కువే అవుతోందన్నమాట.

తర్వాత ఇంజన్‌ను 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూశాడు. ఆ కోత చాలావరకు తగ్గిపోయింది. పెట్రోలు ప్రెషరే ఎక్కువైతే, లేదా గాలిని కొలిచే సెన్సారే తప్పు చెబుతుంటే, ఇంజన్ వేగం పెరిగినంత మాత్రాన ఇబ్బంది సాధారణంగా ఇలా సర్దుకోదు. ఐడిల్లోనే ఇంతగా కనబడుతోందంటే ఎక్కడినుంచో కొద్దికొద్దిగా పెట్రోలు లోపలికి చేరుతోంది. ఇంజన్ తక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ కొద్దే పెద్ద వాటా అవుతుంది. పర్జ్ వాల్వ్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వెళ్లే సన్నని పైపు ఊడదీసి, మానిఫోల్డ్ వైపు మూతి మూశాడు. తెర మీద షార్ట్ టర్మ్ ట్రిమ్ అంకె మైనస్‌లోంచి సున్నాకు, సున్నా దాటి ప్లస్ వైపుకు ఎక్కడం మా కళ్లముందే జరిగింది. ఊడదీసిన పైపు కొస ముక్కు దగ్గర పెడితే ఘాటైన పెట్రోలు వాసన. వాల్వ్‌కు కరెంటు కనెక్షన్ తీసేసి గాలి కొడితే అవతలికి పోయింది. కరెంటు లేనప్పుడు ఆ వాల్వ్ బిగుసుకుని మూసుకుని ఉండాలి.

ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని బయటికి వదలకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్ ఒకటి పట్టి ఉంచుతుంది. వీలు చూసుకుని ఈసీఎం ఆ వాల్వ్ తెరిచి, ఆవిరిని కొలతగా ఇంజన్‌కు పంపుతుంది. వాల్వ్ మూసుకోకపోతే మన ఎండలకు లేచిన ఆవిరంతా అడ్డూ ఆపూ లేకుండా ఇంజన్లోకే వెళ్తుంది. దానికి తోడు, బంకులో గన్ను టక్కున ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించుకునే అలవాటు ఆయనకుంది. మన ఊళ్లలో లేనిదెవరికి? అలా పోసిన పెట్రోలు ఆవిరి గొట్టం గుండా క్యానిస్టర్లోకి చేరి బొగ్గును తడిపేస్తుంది. ఈ మాట ఏ సర్వీస్ అడ్వైజరైనా యజమానికి ఎప్పుడైనా చెప్పాడా?

వాల్వ్, క్యానిస్టర్ మార్చాక ట్రిమ్ అంకెలు దారికొచ్చాయి. లైటు మళ్లీ వెలగలేదు. కన్వర్టర్ జోలికి పోవాల్సిన పనే పడలేదు.

మీ వర్క్‌షాప్‌లో ఉన్న స్కానర్ ఆ షెడ్డులోదానికన్నా ఎంతో మెరుగైనది. ఈ అంకెలన్నీ మీ కుర్రాడి తెర మీదా ఉన్నాయి. చెరపక ముందు ఒక్క నిమిషం చదివి ఉంటే మొదటి రోజే దారి దొరికేది. కోడ్ చెరిపేస్తే దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమూ పోతుంది. బండి తన పరికరాలను తానే పరీక్షించుకుని రాసుకున్న రెడీనెస్ నమోదులూ పోతాయి. తర్వాత చూడబోయే మెకానిక్కు దొరకాల్సిన ఆధారాన్ని మీ చేత్తో మీరే మాయం చేస్తున్నారు. చేసిన పనికి బిల్లు కూడా వేస్తున్నారు.

పి0172 అనే కోడ్‌లో ఏ విడిభాగం పేరూ లేదు. మొదటి బ్యాంకులో (సిలిండర్ల వరుసలో) మిశ్రమం మరీ రిచ్‌గా ఉందని మాత్రమే దాని అర్థం. వి ఆకారపు ఇంజన్లలో రెండో బ్యాంకుకు పి0175 వస్తుంది. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందని, తాను సర్దగలిగినంత సర్దినా కుదరలేదని ఈసీఎం చెబుతోంది. అది ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదులాంటిది. విచారణ చేయాల్సింది మీరు. మీరేమో ఫిర్యాదు చేసినవాణ్ణే పట్టుకుని లోపలేస్తున్నారు. మిశ్రమం రిచ్‌గా ఉందని నిజం చెప్పింది ఆక్సిజన్ సెన్సార్. దాన్నే విప్పి అవతల పారేస్తున్నారు.

సెన్సార్ తప్పు చెప్పే సందర్భాలు లేకపోలేదు. దాని సర్క్యూట్ దెబ్బతింటే పి0130, లోపలి హీటర్ పోతే పి0135 అంటూ వేరే కోడ్లే ఉన్నాయి. అవేవీ రాకపోయినా అనుమానం ఉంటే తేల్చుకోవడం ఎంతసేపు? మామూలు జిర్కోనియా సెన్సార్ అయితే రిచ్‌గా ఉన్నప్పుడు 0.8, 0.9 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఒక వ్యాక్యూం పైపు కాసేపు ఊడదీసి ఇంజన్‌కు అదనంగా గాలి తగిలిస్తే అది 0.1, 0.2కు పడిపోవాలి. పడిందా, సెన్సార్ బాగున్నట్టే. కొత్త సెన్సార్ పెట్టె విప్పే టైములో ఈ పరీక్ష అయిపోతుంది. అది చేయకుండా మార్చిన ప్రతి సెన్సార్‌కూ మీరు కస్టమర్‌కు జవాబు చెప్పుకోవాలి.

ఇంజన్ రిచ్ అవడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. కారే ఇంజెక్టర్ ఉంది. ఇంజన్ ఆపాక ప్రెషర్ గేజి ముల్లు గబగబా కిందికి దిగుతుంటే దాన్ని అనుమానించాలి. పాడైన ప్రెషర్ రెగ్యులేటర్ ఉంది. ఇంజన్ వేడెక్కినా చల్లగానే ఉందని చెప్పే కూలెంట్ సెన్సార్, మూసుకోని థర్మోస్టాట్, మట్టి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్నాయి. ఎక్కువ రోజులు రిచ్‌గా నడిస్తే పెట్రోలు సంప్‌లోకి దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. అక్కడినుంచి లేచే ఆవిరి మళ్లీ ఇంజన్లోకే పోయి జబ్బును ఇంకా పెంచుతుంది. ఆయిల్ గేజి తీసి వాసన చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది, దానికి స్కానర్ కూడా అక్కర్లేదు. ఏ భాగం ఎంత ఖరీదో మీకు నాకన్నా బాగా తెలుసు. చవకైనవాటిని పరీక్షించకుండా ఖరీదైనదానికి ఎస్టిమేట్ రాయడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మన దగ్గర వ్యాన్లకు ఇంకో తలనొప్పి ఉంది. వాటిలో చాలావాటికి కొన్నాక బయట బిగించుకున్న ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్లు ఉంటాయి. కిట్ ట్యూనింగ్ సరిగా లేకపోతే గ్యాసు మీద నడిచేటప్పుడు మిశ్రమం పలచబడుతుంది. బండి ఈసీఎంకు గ్యాసు సంగతి తెలియదు. పెట్రోలే తక్కువవుతోందనుకుని ట్రిమ్‌ను ప్లస్ వైపు పెంచుకుంటూ పోతుంది. డ్రైవరు స్విచ్ తిప్పి పెట్రోలుకు వచ్చినప్పుడు ఆ పెంచిన లెక్కతోనే పోస్తుంది, ఇంజన్ రిచ్ అయిపోతుంది. ఇలాంటి బండికి ఎన్ని సెన్సార్లు మార్చినా లైటు మళ్లీ వస్తూనే ఉంటుంది. గ్యాసు మీద ట్రిమ్ ఎంత, పెట్రోలు మీద ఎంత అని పక్కపక్కన రాసుకుని చూస్తే విషయం బయటపడుతుంది. మీ సర్వీస్ అడ్వైజర్లేమో కిట్ ఉందని చూడగానే “అన్నా, బయటి కిట్ ఉంది, మేం గ్యారంటీ ఇవ్వలేం” అని చేతులు దులుపుకుంటున్నారు. సెన్సార్ అమ్మేటప్పుడు మాత్రం ఆ కిట్ వాళ్లకు అడ్డం రావడం లేదు.

మీ కుర్రాళ్లకు తెలిసినా ఎందుకు చేయరో నా పాత విద్యార్థులనే అడిగాను. వాళ్లు చెప్పింది మీకు తెలియనిది కాదు. రోజుకు ఇన్ని బండ్లు దించాలని టార్గెట్. స్పేర్ పార్టుల అమ్మకం ఇంత ఉండాలని ఇంకో టార్గెట్. జబ్బు వెతకడానికి పట్టిన గంటకు బిల్లులో గడి ఉండదు. సెన్సార్ మార్చిన పావుగంటకు ఉంటుంది. బుర్ర పెట్టి వెతికేవాడికి ఇన్సెంటివ్ ఉండదు, ఎక్కువ పార్టులు వేసినవాడికి ఉంటుంది. ఇలా లెక్కలు రాసిపెట్టి, కుర్రాళ్లు విడిభాగాలే మారుస్తున్నారంటే తప్పు వాళ్లదెలా అవుతుంది?

కాబట్టి మీకు సూటిగా చెబుతున్నాను. జబ్బు కనిపెట్టినందుకు డబ్బు తీసుకోండి. గంటకు ఇంత అని బోర్డు మీద రాసి పెట్టండి. పైపు ఊడదీసి, ప్రెషర్ గేజి తగిలించి, ట్రిమ్ అంకెలు రాసుకుని ‘ఇదీ కారణం’ అని రుజువు చూపిస్తే మేం ఆ డబ్బు సంతోషంగా కడతాం. అవసరం లేని పార్టుకు కట్టేదాంట్లో అది ఏపాటి? ‘చెకింగ్‌కు కూడా డబ్బులా’ అని గొణిగే కస్టమర్లు ఉన్నారని నాకు తెలుసు. వాళ్లకు నచ్చజెప్పే పనిలో నాబోటివాళ్లం మీ పక్కన నిలబడతాం. అయితే మీరు ముందు ఆ పని చేసి చూపించాలి.

ఇప్పుడు హక్కుల సంగతి. ఆ లైటును కార్ల కంపెనీలు మన మీద దయతలచి పెట్టలేదు. గాలిని కాపాడటానికి చట్టాలు పెట్టించాయి. కాలిఫోర్నియాలో మొదలై, 1996 మోడల్ నుంచి అమెరికా అంతటా కార్లకు ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే పట్టుకుని చెప్పే వ్యవస్థ, తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఆ 16 పిన్నుల సాకెట్, పి0తో మొదలయ్యే కోడ్లు అన్ని కంపెనీలకూ ఒకే రకంగా ఉండటానికి కారణం, ఎవరైనా చదవగలగాలనే. ఎవరైనా చదవాలని పెట్టినదాన్ని బండి యజమానికే చూపించం అనడానికి మీకు అధికారం ఎవరిచ్చారు?

అమెరికాలో ఉంటున్న మన పిల్లల్ని అడిగి చూడండి. సియెన్నా, ఒడిస్సీ వ్యాన్లు నడిపే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. లైటు వెలిగితే చాలాచోట్ల విడిభాగాల దుకాణంవాళ్లే ఉచితంగా కోడ్ చదివి చెబుతారు. కాలిఫోర్నియా స్మాగ్ పరీక్షలో 2000, ఆ తర్వాతి మోడళ్ల పెట్రోలు కార్లకు ఓబీడీ సమాచారాన్నే చూస్తారు. లైటు వెలుగుతుంటే బండి ఫెయిల్. పరీక్షకు ముందు కోడ్ చెరిపేసి తీసుకెళ్లినా, రెడీనెస్ నమోదులు పూర్తికాలేదు కాబట్టి పాస్ కాదు. మన పీయూసీ (కాలుష్య తనిఖీ) కేంద్రంలో సైలెన్సర్ గొట్టంలో ప్రోబు పెట్టి ఆ కాసేపు వచ్చిన పొగనే కొలుస్తారు, లైటు వంక చూడరు. బీఎస్-4 పెట్రోలు కారుకు ఐడిల్లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద రూ. 10,000 దాకా జరిమానా పడేది ఆ వ్యాను నడుపుకునేవాడికి. కోడ్ చెరిపి పంపిన మీకు పడదు. ఇది న్యాయమేనా? రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ పీయూసీ పరీక్షలో ఓబీడీ చదవడాన్ని చేర్చాలని నేను వేరేగా అడుగుతాను. అప్పటిదాకా బండి గాలిని పాడుచేస్తోందని ముందుగా తెలిసేది మీ ఫ్లోర్ మీదే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సేవాలోపం అంటే ఏమిటో సెక్షన్ 2(11) చెబుతుంది. వినియోగదారుడికి సంబంధించిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే అని అందులో స్పష్టంగా ఉంది. స్కానింగ్ వివరాలు ఇవ్వం అని స్టాంపు వేసి మరీ చెప్పడం కావాలని దాచడం కాకపోతే ఏమవుతుంది? మీ న్యాయవాదిని ఒకసారి అడగండి.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు, రిపేరు మాన్యువళ్లు బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. వాటిని అందుబాటులోకి తేవాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పేరిట ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఇన్నేళ్లు గడిచినా నా విద్యార్థి షెడ్డులో ఆ పర్జ్ వాల్వ్ పరీక్షించే రోజున వైరింగ్ డయాగ్రం లేదు. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్కటీ తేల్చుకున్నాడు. జబ్బు పట్టుకున్నవాడి దగ్గర కాగితం లేదు. కాగితం ఉన్న మీరేమో జబ్బు వెతకలేదు.

ఇదంతా ఒక వ్యాను యజమాని జేబుకు సంబంధించిన గొడవగా మీరు చూస్తే పొరపాటు. రిచ్‌గా నడిచే ఇంజన్లో పెట్రోలు పూర్తిగా మండేందుకు గాలి చాలదు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దాన్ని మార్చడానికి కావాల్సిన ఆక్సిజన్ లేక కన్వర్టర్ కూడా చేతులెత్తేస్తుంది. మిస్ ఫైరింగ్ కూడా తోడైతే కాలని పెట్రోలు కన్వర్టర్లోనే మండి, లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన వస్తువు అది. దాని ఖరీదు మీ ఎస్టిమేట్లలో చూస్తూనే ఉన్నాం. మొదట వచ్చిన పి0172ను నిర్లక్ష్యం చేసి, ఆనక కన్వర్టర్ పనిచేయడం లేదని పి0420 వచ్చినప్పుడు దాన్ని మార్చడానికి ఎస్టిమేట్ రాస్తే, కారణం అలాగే ఉండి కొత్త కన్వర్టర్‌నూ తినేస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చేరాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. మన వ్యాన్లలో కొన్నింటికి ఇంజన్ ముందు సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తితే ఇంజన్ కనబడుతుంది. అలాంటి బండిలో ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర చిన్న లీకు ఉన్నా, వెనక తలుపు సీలు చిరిగినా ఆ గాలి ఎవరు పీలుస్తారు? పొద్దున ఏడు గంటలకు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒకళ్ల మీద ఒకళ్లు ఒరిగి నిద్రపోతూ బడికి వెళ్లే పిల్లలు. పిల్లల్ని ఎక్కించుకునే బండి అని తెలిసి కూడా లైటు ఆర్పి పంపుతున్నప్పుడు మీకు ఆ సంగతి గుర్తొస్తుందా?

మిమ్మల్ని అడుగుతున్నది పెద్ద పనేం కాదు, కొత్త పరికరాలూ కొనక్కర్లేదు. బండి చేతికి రాగానే కోడ్ నంబరు, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు జాబ్ కార్డు మీద రాయండి, లేదా ప్రింటు తీసి దానికి గుచ్చండి. అవి నమోదయ్యేదాకా డిలీట్ మీద వేలు పెట్టొద్దని ఫ్లోర్ ఇన్‌ఛార్జికి ఉత్తర్వు ఇవ్వండి. పార్టు మార్చే ముందు ఏ పరీక్షలో ఏ అంకె వచ్చిందో ఒక్క వాక్యం రాయండి. మార్చాక ట్రిమ్ ఎంతకు వచ్చిందో కూడా రాయండి. రిపేరు అయిందో లేదో తేల్చేది ఆ అంకె. లైటు ఆరడం ఒక్కటే దేనికీ రుజువు కాదు, అది డిలీట్ నొక్కినా ఆరుతుంది. విప్పిన పాత పార్టు యజమాని చేతిలో పెట్టండి. బాగుచేసిన పిల్లాడి పేరు బిల్లు మీద వేయండి, మంచి పని చేసినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కనివ్వండి. ఐటీఐ నుంచి మీ దగ్గరకు వచ్చే పిల్లలకు మొదటి నెలలోనే ఫ్యూయల్ ట్రిమ్ చదవడం చేయించండి. కావాలంటే వచ్చి నేనే చెబుతాను, పైసా అడగను.

మీరు ఈ పనులు మొదలుపెట్టేదాకా నాకు తెలిసిన ప్రతి వ్యాను డ్రైవరుకూ, ప్రతి కారు యజమానికీ నేను చెప్పబోయే మాట ఇదే: కోడ్ నంబరు రాయని జాబ్ కార్డు మీద సంతకం పెట్టొద్దు. ఏ పరీక్ష చేశారో రాయని ఎస్టిమేట్‌కు సరే అనొద్దు. స్కానింగ్ వివరాలు ఇవ్వం అని ఎవరైనా అంటే ఆ మాట రాసిమ్మని అడగండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
విజయవాడ